ఊదితే పోని బూడిద

రేపు పదింటికి ప్రాక్టికల్ పరీక్ష.
పద్నాలుగో సొరుగులో రెండు పిట్టలు, రెండు చీటీలు.
ఉండాల్సిన కాళ్ళకి మాత్రం చీటీలు లేవు.
దారం వెండిపురుగు కొరికిందన్నా
కృపావతి మేడమ్‌తో.
దుమ్ము దులుపుతూ నేనే తెంపానని అనలేదు.

"ఏసుపాదం, ఏది ఏదో చూసి కట్టెయ్యి.
ఇన్నేళ్ళుగా చూస్తున్నావు కదా" అంది.

బ్రాడీపేటలో కరెంటు పోయింది.
సొరుగు తీసుకొచ్చి కిటికీ కింద పెట్టాను.
పిచ్చుకంత పిట్టలు.
వీపున పాత మిరపకాయ రంగు, పొట్ట తెలుపు,
కళ్ళ చోట దూది.

ఒక చీటీ మీద: కొండలకి పడమర.
ఇంకో చీటీ మీద: కొండలకి తూర్పు.
ఆండీస్ అట.
పన్నెండు కోటప్పకొండలు
ఒకదాని మీదొకటి పేర్చాలట అంత ఎత్తుకి.
అటూ ఇటూ అడవి, ఎప్పుడూ వాన,
అడవి నేల మీద చీమల దండు.

యాంట్‌బర్డ్ అంటే చీమల్ని తినేదనుకున్నాను
చేరిన కొత్తలో.
కాదట. దండు కదిలితే
మిడతలు, బొద్దింకలు, సాలీళ్ళు
ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెడతాయి.
ఆ పరుగుని ఏరుకుంటాయి ఇవి,
ఒక అడుగు ముందు, జానెడెత్తు కొమ్మ మీద.

నాకు అర్థమైంది.
మిర్చియార్డులో హమాలీలు టిక్కీలు దించుతుంటే
రాలిన కాయలు ఏరుతూ
మా అమ్మ అట్లాగే నడిచేది.
టిక్కీ ముట్టుకునేది కాదు.

ఇప్పుడు చీమలే వస్తాయి వీటి కోసం.
గోడ పగుల్లోంచి, ఎర్రవి, వరసగా.
కలరా ఉండలకి డబ్బు రాని ఏడు
సొరుగు చుట్టూ దుగ్గిరాల పసుపు చల్లాను.
పరీక్షకొచ్చిన పిల్లలు
ఇదేమన్నా పూజా అని నవ్వారు.

మొన్నటిదాకా రెండింటిదీ ఒకే పేరు.
ఈమధ్య వేరు కాపురం పెట్టించారు.
బతికుండగా రెండింటికీ కంటి చుట్టూ నీలం,
చచ్చాక ఆ నీలం నిలవదు.
మిగిలే తేడా
పడమటిదాని కంటిపైన సన్నటి బూడిద చార.
తూర్పుదానికి అది లేదు.
అంతే.

మా సువార్తది కృష్ణకి అవతలొడ్డు, కంకిపాడు.
పెళ్ళైన కొత్తలో మా అక్కలు
నడక చూసి ఒకసారి, మాట విని ఒకసారి
"అవతలొడ్డు మనిషి" అనేవాళ్ళు.
ఏంటే తేడా అంటే ఒక్కతీ చెప్పలేదు.
ముప్పయ్యేళ్ళకి ఇప్పుడు
బ్యారేజీ దాటి పుట్టింటికెళ్తే
వాళ్ళంటున్నారట, "గుంటూరు యాస వచ్చేసిందే నీకు."
వచ్చి నాతో చెప్పి ఒక పూట అన్నం తినలేదు.

కిటికీ వెలుగులో చూస్తే
రెండు పిట్టలకీ కంటిపైన బూడిదే.

చాలాసేపు చూశాను.
మెల్లగా అర్థమైంది, ఒకదాని మీదున్నది దుమ్ము.
ఏ ఒకదాని మీదో.

మోకాళ్ళ మీద కూచుని ఊదాను,
అమ్మ నా కంట్లో నలుసు ఊదినట్టు.
మొదటిదాని మీంచి లేచింది దుమ్ము,
కింద మిరప రంగు తేలింది.
రెండోదాని మీంచీ లేచింది,
కింద ఇంకా బూడిదే.
మళ్ళీ ఊదాను. చూపుడువేలు తడిచేసి రాశాను.
పోలేదు.
అది దాని సొంతం.

సువార్త జాకెట్లు కుట్టే తెల్లదారంతో
చీటీలు కట్టాను, రెండేసి ముళ్ళు.
కరెంటొచ్చింది. ట్యూబులైటు కింద మళ్ళీ చూస్తే
ఇందాకటంత నమ్మకం లేదు.
ముడి విప్పలేదు.

పడమటి చీటీ మీద ఒక ఎర్రచీమ.
చీటీ చివరిదాకా నడిచి, మీసాలాడించి,
తూర్పు చీటీ మీదకి దిగింది.
నలపబోయిన బొటనవేలు వెనక్కి తీసుకున్నాను.
అది ఎటు పోతుందో, దాని ముందు ఏం లేస్తుందో
స్టూలు మీద కాళ్ళు ముడుచుకుని
చూస్తూ ఉండిపోయాను.